ఆరు రెట్ల దారం

ఆ ఆదివారం పొద్దుట్నుంచీ భాగ్యరేఖకి కాలు ఒక్కచోట నిలవలేదు. టీ పెట్టుకుని తాగడం మరిచిపోయింది. చల్లారిన టీని వేడి చేసుకుని మళ్లీ మరిచిపోయింది. సాయంత్రం ఆరింటికి తెలుగు సంఘం వార్షికోత్సవం. పిల్లల డాన్సులయ్యాక, పెద్దల సన్మానాలకి ముందు, పది నిమిషాలు ఆమె మ్యాజిక్. కొత్తేమీ కాదు. దుర్గ్‌లో ఓ ప్రైవేటు బళ్లో లెక్కలు చెప్పుకుంటూ, సెలవు రోజుల్లో పుట్టినరోజు పండగలకీ బళ్ల ఫంక్షన్లకీ పదేళ్లుగా చేస్తున్న పనే. రుమాళ్లు మాయం చేసేటప్పుడుగానీ పేకముక్కలు పుట్టించేటప్పుడుగానీ ఆమె చెయ్యి వణికింది లేదు. కానీ ఇవాళ గాల్లో తేలే బంతి ఉంది. దాన్ని చూడ్డానికి వాళ్ల నాన్న పోలయ్య వస్తున్నాడు.

ఆమెకి కావలసింది ఒక్కటే. బంతి గాల్లో ఉన్నంతసేపూ నాన్న బంతినే చూడాలి. దాని పైకి చూడకూడదు.

ఇదీ ఒక కోరికేనా అని నవ్వేవాళ్లు పోలయ్యని ఒక్క రోజు చూస్తే చాలు. పెళ్లి పందిట్లో కూర్చోబెడితే పెళ్లికొడుకుని వదిలేసి షామియానా తాళ్లు చూస్తాడు. గుడికి తీసుకెళ్తే దేవుడికి దండం పెట్టే ముందు గంట కొక్కేనికి దండం పెట్టినంత పని చేస్తాడు. గాల్లో ఏది కనిపించినా, దాన్ని పట్టుకుని ఉన్నది ఏమిటి, అది ఎంతకి ఆగుతుంది, ఇదే ఆయన గొడవ. ముప్ఫై అయిదేళ్లుగా అదే గొడవ.

అంతకు ముందు ఆయన భిలాయి ఉక్కు ప్లాంటులో ఖలాసీ. క్రేను కొక్కేనికి బరువు తగిలించే పని. ఖలాసీకి రెండే వేదవాక్యాలు: బరువు టన్నయితే తాడు ఆరు టన్నులకి ఆగాలి, ముడి వేసే ముందు తాడుని మొదలు నుంచి కొసదాకా చేత్తో తడిమి చూడాలి. భాగ్యరేఖ తల్లి కడుపులో ఉన్న ఏడు, సెలవు పెట్టి బయట ఎవరో కాంట్రాక్టరు షెడ్డు కడుతుంటే నాలుగు రోజుల పనికి వెళ్లాడు. తాడు వాళ్లదే. పొద్దు పోతోంది, కానీ కానీ అని కేకలు. తడిమి చూడకుండానే దూలానికి చుట్టి ముడేశాడు. దూలం నిలువెత్తు లేచాక తాడు తెగింది. కింద రాజాబాబు ఉన్నాడు. టెక్కలి దగ్గర ఒకే ఊళ్లో పుట్టి, ఒకే రైల్లో భిలాయి వచ్చి, క్యాంప్ 1లో ఒకే గోడకి అటూ ఇటూ కాపురం పెట్టిన మనిషి. ఆస్పత్రి దాకా కూడా ఆగలేదు.

పోలయ్య మళ్లీ ఖలాసీ పనిలోకి వెళ్లలేదు. బతిమాలుకుని స్టోర్లో నట్లూ బోల్టులూ ఇచ్చే పని వేయించుకుని అక్కడే రిటైరయ్యాడు. మళ్లీ చేత్తో ముడి వేసిందీ లేదు. ఆవకాయ జాడీకి వాసెన కట్టాలన్నా భార్య సింహాచలమ్మే కట్టాలి. పైజమా బొందు ఒక్కటీ మినహాయింపు, అది కూడా మానేస్తే వీధిలోకి రాలేడు గనక. భాగ్యరేఖ పుట్టి ఇరవై ఒకటో రోజున ఉయ్యాలలో వేద్దామని చుట్టాలొస్తే, దూలానికి తాడు వేయనివ్వలేదు. చివరికి చేటలో పడుకోబెట్టి, నేలమీదే ఊపినట్టు నటించి, పాట పాడి భోజనాలు చేసి వెళ్లారు. ఇప్పటికీ ఆ ఇంట్లో సీలింగు ఫ్యాను లేదు. మే నెలలో రెండు టేబుల్ ఫ్యాన్లు చెరో మూల మూలుగుతుంటాయి.

అలాంటి ఇంట్లో పెరిగిన పిల్ల గాల్లో తేలే బంతిని ఎంచుకుందంటే అది ముచ్చటపడి ఎంచుకున్నది కాదు. అచ్చమైన పంతం. ఏదీ పట్టుకోకుండానే నిలబడింది చూడు నాన్నా, పడిపోవడం లేదు చూడు, అని ఒక్కసారైనా ఆయన చేత ఒప్పించాలని పంతం. ఇల్లంతా చిన్నప్పట్నుంచీ నెత్తిమీద ఏదో పడబోతున్నట్టే బతికింది. ఆమెకి విసుగెత్తిపోయింది.

పంతం సరే, పంతంతో బంతి తేలదు. కొబ్బరికాయంత థర్మాకోల్ బంతి, పైన వెండి రంగు. వేదిక పైనున్న అడ్డకర్రకి ఓ చిన్న కొక్కెం. దాని మీదుగా దారం. ఒక కొస బంతికి, రెండో కొస ఆమె నడుముకి. వెనక్కి అడుగేస్తే బంతి లేస్తుంది, ముందుకొస్తే దిగుతుంది. చేతులు తిప్పడం ఊరికే మన కళ్లు కప్పడానికి. దారం తల వెంట్రుక కన్నా సన్నం, నాలుగడుగుల దూరంలో ఎంత వెలుగులోనైనా కంటికి ఆనదు. ఆ సన్నానికి బంతిని మోయడమే ఎక్కువ. చిన్న కుదుపు తగిలినా పుటుక్కుమంటుంది.

కిందటి డిసెంబరులో అదే జరిగింది. నందిని మైన్స్ కాలనీలో షో. అమ్మానాన్నల్ని వెంట తీసుకెళ్లి రెండో వరసలో కూర్చోబెట్టింది. బంతిని చక్కగా లేపి, ప్రేక్షకుల్లోంచి ఓ కాలేజీ అమ్మాయిని పిలిచి దాని కింద నిలబెట్టింది. అంతే, పోలయ్య కుర్చీ తన్నుకుంటూ లేచాడు. "నీచే సే హటో!" అని, కింద నుంచి తప్పుకోమని ఆయన పెట్టిన కేక గని అవతలి ఊరికి కూడా వినిపించి ఉంటుంది. భాగ్యరేఖ ఉలిక్కిపడింది, దారం తెగింది, బంతి ఆ అమ్మాయి నెత్తిమీద పడి ఎగిరి వేదిక కిందికి దొర్లిపోయింది. థర్మాకోలే గనక దెబ్బేం లేదు. అందరూ పడీ పడీ నవ్వారు. ఆ నవ్వు వీడియో అయ్యి భిలాయిలో ఉన్న తెలుగువాళ్ల ఫోన్లన్నీ చుట్టొచ్చింది. ఇంటికొచ్చాక ఆమె అన్నది ఒక్కటే మాట: "ఇంక నా షోలకి రాకు నాన్నా." పోలయ్య సరేనన్నాడు. నాలుగు నెలలు ఆ మాట ఎత్తలేదు.

మొన్న బుధవారం తనంతట తనే ఎత్తాడు.

"ఆదివారం నానూ వస్తాను."

"వచ్చి ఏటి చేస్తావు? మళ్లీ అరుస్తావా?"

"అరవను."

"పైకి చూడకూడదు. బంతినే చూడాల. అలాగైతే రా."

పోలయ్య బొటనవేలి గోరు గిల్లుకున్నాడు. "ఆ దారం ఎంతకి ఆగుద్ది?" అన్నాడు.

"దారమేటి? దారం లేదు."

కట్టుకున్నవాడికి తప్ప కన్నవాళ్లకి కూడా గుట్టు చెప్పకూడదని మ్యాజిక్ వాళ్ల నియమం. కానీ ఖలాసీకి ఎవరో చెప్పాలా? నందినిలో దారం తెగినప్పుడు బంతి పడ్డ తీరు, కూతురు నడుం తడుముకున్న తీరు చూసి, కొక్కెంతో సహా మొత్తం కట్టుబడి ఆయన ఆ క్షణానే లెక్క కట్టేశాడు.

"నేకపోతే మంచిదే" అని లేచి వెళ్లిపోయాడు.

అప్పట్నుంచీ భాగ్యరేఖకి మనశ్శాంతి లేదు. రావద్దని చెప్పేద్దామని మూడుసార్లు నోటిదాకా వచ్చింది. వద్దంటే పాపం అనిపించింది, రమ్మంటే భయం వేసింది. ఆదివారం పొద్దున్న పుట్టింట్లో గదిలోంచి వరండాలోకి, వరండాలోంచి గదిలోకి తిరుగుతుంటే సింహాచలమ్మ చేటలో బియ్యం ఏరుతూ కసిరింది.

"ఒక దగ్గర కూకోయే. కాలు కాలిన పిల్లినాగ ఆ తిరుగుడేటి? మీ నాన్నా అలగే ఉన్నాడు. పొద్దున్నే సైకిలేసుకుని పవర్‌హౌస్ బజారు ఎల్లొచ్చేడు. ఏటి కొన్నావంటే చెప్పడు."

భాగ్యరేఖ ఆ మాట సగమే వింది. బంతీ దారం ఉన్న రేకు పెట్టెని అప్పటికి ఆరోసారి తెరిచి చూసి, మూసి, స్నానానికి వెళ్లింది. తల దువ్వుకుంటుండగా పెట్టె బల్లమీద కొంచెం పక్కకి జరిగినట్టనిపించింది. తనే జరిపి ఉంటాననుకుంది. మూడింటికి ఆమె భర్త సురేశ్ వచ్చి పెట్టెని స్కూటరు మీద పెట్టుకుని హాలుకి తీసుకెళ్లాడు. వేదిక మీద దారం అమర్చే పని అతనిదే. దుర్గ్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన మనిషి, తెలుగు కన్నా హిందీ తొందరగా వస్తుంది.

"టెన్షన్ మత్ లో" అన్నాడు వెళ్తూ. "అంతా సెట్ చేసి ఉంచుతా."

ఆమె హాలు చేరేసరికి అయిదున్నర. తెర వెనక కూచిపూడి పిల్లల గజ్జెలు, వాళ్ల తల్లుల కేకలు, సమోసా వాసన. సంఘం కార్యదర్శి రామమోహనరావుగారు చేతిలో కాగితం పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు.

"పది నిమిషాలంటే పదేనమ్మా. వెనక ఎనిమిది సన్మానాలున్నాయి."

"లైట్లు తగ్గిస్తామన్నారు కదండీ."

"తగ్గిస్తే వీడియోలో ఏటి కనిపిస్తాది? నాగపూరు నుంచి లైట్లు తెప్పించేం."

వెంట్రుక కన్నా సన్నం దారం ఏ లైటుకీ దొరకదులే అని ఆమె వాదించలేదు. తెర సందులోంచి హాల్లోకి తొంగిచూసింది. ముందు వరసంతా ప్లాంటు రిటైర్డులు. క్రేను నడిపినవాళ్లు, ఖలాసీలు, ఫిట్టర్లు. పగవాడికి కూడా వద్దు అలాంటి ప్రేక్షకులు. బళ్లో పిల్లలైతే నువ్వు కుడిచెయ్యి ఊపితే కుడివైపు చూస్తారు. వీళ్లు జీవితమంతా చెయ్యి ఊపినవాడిని కాదు, కొక్కేన్ని చూసి బతికి బట్టకట్టినవాళ్లు. వాళ్ల మధ్యలో, ఇస్త్రీ చొక్కాలో, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వాళ్ల నాన్న. పక్కన గురుమూర్తి. ఖలాసీగా ఉన్న రోజుల్లో పోలయ్య కింద సైగ చేస్తే పైన క్రేను క్యాబిన్లో కూర్చుని బరువెత్తింది అతనే.

డాన్సులు ఏడున్నరకి గానీ తెమల్లేదు. ఈలోగా ఆమె నాలుగుసార్లు నీళ్లు తాగింది, రెండుసార్లు జడ విప్పి వేసుకుంది. పేరు పిలిచాక మటుకు వేదిక ఎక్కి నవ్వింది, అలవాటు అలాంటిది. రుమాళ్లు బాగానే పోయాయి. పేకముక్కలకి చప్పట్లు కూడా పడ్డాయి. తర్వాత బల్ల వెనక్కి వెళ్లి, నడుము పట్టీ కొక్కేనికి దారం కొస రింగుని చూడకుండానే తగిలించుకుని, బంతి మీద గుడ్డ తీసింది.

"ఇది మన భిలాయి ఉక్కు" అంది, ఎప్పుడూ అనే అబద్ధమే. "ఎంత బరువైనా, మనం నమ్మితే లేస్తుంది."

చేతులు తిప్పుతూ వెనక్కి అడుగేసింది. బంతి లేచింది. ఎప్పుడూ ఆ మొదటి అడుగులో దారం నడుము దగ్గర సన్నగా వణుకుతుంది, ఇప్పుడు తెగుతానా అన్నట్టు. ఇవాళ వణుకు లేదు. బంతి నిబ్బరంగా, తిన్నగా లేచింది. రెండో అడుగు వేసింది. బంతి ఛాతీ ఎత్తుకి వచ్చింది. ఇంత బాగా ఎన్నడూ రాలేదని సంతోషపడేలోపు ఆమెకి అది కనిపించింది.

దారం. తళతళా మెరిసిపోతోంది. చేపల గాలానికి కట్టే నైలాను తీగ, బంతి నుంచి అడ్డకర్రదాకా, అక్కణ్ణుంచి తన నడుందాకా, నాగపూరు లైట్లకి గీత గీసినట్టు కనిపిస్తోంది.

పక్క తెర దగ్గర సురేశ్ మొహం తెల్లబోయింది. "నువ్వే కొత్తది పెట్టావనుకున్నా" అన్నాడు గొంతు తగ్గించి.

"తార్ దిఖ్ రహా హై, దీదీ", తీగ కనిపిస్తోందక్కా అని వెనక నుంచి ఎవరో అరిచారు. హాలంతా నవ్వు. నందినిలో నవ్విన నవ్వే. ఫోన్లు లేచాయి.

భాగ్యరేఖకి ముందు వచ్చింది కోపమే. ఒళ్లంతా మండింది. పవర్‌హౌస్ బజారు, జరిగిన పెట్టె, ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. తన ఊరివాళ్ల ముందు, తన వాళ్ల ముందు, రెండోసారి పరువు తీశాడు. ఇంకో అడుగు ముందుకేసి బంతిని దించేసి, గుడ్డ కప్పేసి, మళ్లీ పేకముక్కలు తీస్తే సరి. సగం పరువైనా దక్కుతుంది. కాలు ముందుకి లేపింది కూడా.

అప్పుడు ముందు వరసలో గురుమూర్తి మెడ సాచి బంతి నెత్తిమీది ముడిని చూశాడు. కొస మళ్లీ వెనక్కి తిప్పి, దానిమీద మూడు చుట్లు బిగించిన ఖలాసీ ముడి.

"ఒరే పోలయ్యా" అన్నాడు. నవ్వు మధ్య కూడా వినిపించేంత గట్టిగానే అన్నాడు. "ఆ ముడి నీదేనేటిరా?"

"ఊఁ" అన్నాడు పోలయ్య.

"నువ్వు కట్టినావా?"

"నానే కట్టేను. తాడు మొదలంటా తడిమి చూసేను."

"ఎంతకి ఆగుద్ది?"

"బంతి యాభై గ్రాములు. ఆరు రెట్లంటే మూడొందలు. ఇది పది కేజీలకి ఆగుద్ది."

వెనక వరసలు ఇంకా నవ్వుతూనే ఉన్నాయి. ముందు వరసలో మటుకు నవ్వు ఆగిపోయింది. పోలయ్య ముడి వేసి ముప్ఫై అయిదేళ్లయిందని ఆ వరసలో తెలియనివాడు లేడు. రాజాబాబుని మోసినవాళ్లలో ముగ్గురు అక్కడే ఉన్నారు. గురుమూర్తి కళ్లజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు.

భాగ్యరేఖ లేపిన కాలు కిందపెట్టలేదు. తండ్రినే చూస్తోంది. చిన్నప్పట్నుంచీ ఆయన్ని చూస్తోంది గానీ అలా ఎప్పుడూ చూడలేదు. కుర్చీకి వెనక్కి జారబడి కూర్చున్నాడు. మోకాళ్ల మీద బిగించిన చేతులు ఒళ్లో వదులుగా పడి ఉన్నాయి. హాల్లో ఇంతమందీ దారాన్ని చూస్తున్నారు, కొక్కేన్ని చూస్తున్నారు, ఆమె నడుముని చూస్తున్నారు. ఆయన ఒక్కడు బంతిని చూస్తున్నాడు. నోరు కొంచెం తెరిచి, బళ్లో చిన్నపిల్లలు చూసినట్టు చూస్తున్నాడు. పైన ఏముందో ఆయనకి తెలుసు. తెలుసు గనక పైకి చూసే పని లేదు.

ఆమె కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియదు. లేపిన కాలు వెనక్కే వేసింది.

బంతి తల ఎత్తుకి లేచింది. "దీదీ, దిఖ్ రహా హై" అని మళ్లీ ఎవరో అన్నారు. దిఖ్నే దో, కనిపిస్తే కనిపించనీ, అనుకుంది. చేతులు తిప్పింది, ఉన్న మంత్రమంతా చదివింది. వేళ్లు చాపి బంతిని పిలిచింది, పక్కకి ఊగమంది, ఆగమంది. దాచడానికి ఏమీ మిగలని మ్యాజిక్‌ని ఇంత శ్రద్ధగా ఆమె ఎన్నడూ చేయలేదు. పక్కనుంచి రామమోహనరావుగారు గడియారం మీద వేలితో కొట్టి చూపిస్తున్నాడు. ఆమె అటు తిరగలేదు.

పోలయ్య కుడిచెయ్యి ఒళ్లోంచి మెల్లగా లేచింది. ఆయనకి తెలిసి లేచినట్టు లేదు. చూపుడువేలు పైకి చూపించి, గాల్లో చిన్న చిన్న సున్నాలు చుట్టడం మొదలుపెట్టింది. ఆ సైగ ఏమిటో భాగ్యరేఖకి తెలియదు. పుట్టి బుద్ధెరిగి ఆ చెయ్యి అలా లేవడం ఆమె చూడలేదు. తండ్రి పక్కనున్న గురుమూర్తి వైపు చూసింది.

"ఇంకా ఎత్తమంటన్నాడమ్మా" అన్నాడు గురుమూర్తి. "ఎత్తు. బరువు కుదురుగా ఉందంటన్నాడు."

భాగ్యరేఖ వెనక్కి అడుగేసింది. వేలు తిరుగుతూనే ఉంది. ఇంకో అడుగు వేసింది, వీపుకి నల్లతెర తగిలింది, తెరతో పాటే ఇంకో అడుగు వేసింది. బంతి లేస్తుంటే దాని వెంటే పోలయ్య తల కూడా కొంచెం కొంచెంగా పైకి లేచింది.